మీకు తెలుసా? గేటు లేని సరిహద్దు, తెగని పీటముడి

డబ్లిన్‌లో కారెక్కి ఉత్తరం వైపు బయల్దేరితే రెండు గంటల్లో బెల్‌ఫాస్ట్ చేరుకోవచ్చు. ఈలోగా ఒక దేశం దాటి మరో దేశంలోకి వచ్చేసి ఉంటారు. దారిలో చెక్‌పోస్టు ఉండదు, గేటు ఉండదు, సుంకం అడిగేవారుండరు. రోడ్డు పక్కన వేగ పరిమితి బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు కనిపిస్తే, ఐర్లాండ్ రిపబ్లిక్ దాటి బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లాండ్‌లోకి అడుగుపెట్టారని అర్థం.

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఐరోపా సమాఖ్య నుంచి తప్పుకోవాలని తీర్పు చెప్పారు. ఆ తర్వాత జరిగిన చర్చలన్నిటికీ ఈ కంటికి కనిపించని గీతే పీటముడి అయి కూర్చుంది. ఒక ప్రధాని పదవి పోవడానికీ, ఒక అసెంబ్లీ రెండేళ్లు మూతపడటానికీ అది కారణమైంది. ఆ గీత గురించీ, దాని చుట్టూ నడిచిన బేరసారాల గురించీ తెలుసుకోదగ్గ సంగతులు ఇవి.

1. హద్దు చిన్నదే, దారులు 208

ఈ సరిహద్దు పొడవు దాదాపు 499 కిలోమీటర్లు. దాన్ని ఎన్ని దారులు దాటుతున్నాయో రెండు వైపుల అధికారులూ కలిసి 2018లో లెక్క తేల్చారు. మొత్తం 208 అని తేలింది. ఐరోపా సమాఖ్యకు తూర్పున ఉన్న సరిహద్దు అంతటికీ కలిపి చూసినా దాటుదారులు 137 మాత్రమే. సరిహద్దులో తనిఖీలు పెట్టాలంటే ఈ 208 చోట్లా మనుషుల్ని నిలబెట్టాలి, లేదంటే పల్లెల మధ్య దారులు మూసేయాలి. ఏది చేసినా నష్టపోయేది ఆ పల్లెల వాళ్లే.

2. జిల్లా హద్దులే దేశపు హద్దులయ్యాయి

1920లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం 1921 మేలో అమల్లోకి వచ్చి ఐర్లాండ్‌ను రెండుగా విడదీసింది. ఆరు కౌంటీలు ఉత్తరానికి, ఇరవై ఆరు కౌంటీలు దక్షిణానికి వెళ్లాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కొత్త గీత కోసం ఎవరూ సర్వే గొలుసు పట్టుకుని పొలాల్లో తిరగలేదు. వందల ఏళ్ల నాటి కౌంటీ హద్దులనే దేశపు హద్దులుగా ఖాయం చేశారు. పన్నుల లెక్కకూ, పాలన సౌకర్యానికీ ఏర్పడిన ఆ గీతలు వాగుల వెంబడీ, పొలం గట్ల మీదుగానూ వంకర్లు తిరుగుతూ పోతాయి. అందుకే కొన్ని చోట్ల రైతు ఇల్లు ఒక దేశంలో, చేను మరో దేశంలో ఉంటాయి. పెటిగో అనే ఊరిని టర్మన్ నది చీలుస్తుంది. ఒక ఒడ్డు రిపబ్లిక్‌లోని డొనెగల్ కౌంటీకి చెందుతుంది. అవతలి ఒడ్డు ఉత్తర ఐర్లాండ్‌లోని ఫెర్మనా కౌంటీది.

3. 44 ఏళ్లు వెలుగు చూడని నివేదిక

ఈ గీతను ప్రజల ఇష్టాన్ని బట్టి సరిచేస్తామని, బ్రిటన్‌కూ ఐరిష్ నేతలకూ మధ్య కుదిరిన 1921 నాటి ఒప్పందంలో మాటిచ్చారు. అందుకోసం దక్షిణాఫ్రికా న్యాయమూర్తి రిచర్డ్ ఫీతమ్ అధ్యక్షతన ఒక సరిహద్దు కమిషన్ ఏర్పడింది. అది తేల్చిన విషయాలు 1925 నవంబరులో 'మార్నింగ్ పోస్ట్' పత్రికకు పొక్కాయి. తమకు రావలసిన భూమి రాకపోగా తూర్పు డొనెగల్‌లో కొంత భాగం పోతుందని తెలిసి డబ్లిన్ భగ్గుమంది. చివరికి అదే ఏడాది డిసెంబరు 3న మూడు ప్రభుత్వాలూ కూర్చుని, గీతను ఉన్నచోటే ఉంచేద్దామని ఒప్పుకున్నాయి. నివేదికను మాత్రం బయటపెట్టలేదు. అది అచ్చయి జనం చేతికొచ్చింది 1969లో.

4. పది కిలోమీటర్లలో నాలుగుసార్లు

క్లోన్స్ నుంచి కావన్ వైపు వెళ్లే రోడ్డు సుమారు పది కిలోమీటర్ల లోపే నాలుగుసార్లు సరిహద్దు దాటుతుంది. దాటినప్పుడల్లా రోడ్డు నంబరు కూడా మారుతుంది. రిపబ్లిక్‌లో ఉన్నంతసేపూ అది ఎన్54, ఉత్తర ఐర్లాండ్‌లో ఏ3. దానికి దగ్గర్లోనే డ్రమ్ముల్లీ అనే ప్రాంతం ఉంది. అది రిపబ్లిక్ భూమే, కానీ ఉత్తర ఐర్లాండ్ గుండా వెళ్తే తప్ప రోడ్డు మీద అక్కడికి చేరలేరు. తన దేశంలోని పక్క ఊరికి పోవడానికి పరాయి దేశం దాటవలసిన రైతుకు 'తనిఖీ' అనే మాట వినగానే గుండెలో రాయి పడటంలో ఆశ్చర్యం ఏముంది?

5. హద్దే తేలని నీళ్లు

నేల మీద గీత వంకరదైనా ఉందంటే ఉంది. డెర్రీ నగరానికి ఉత్తరాన ఉన్న లాఖ్ ఫోయిల్ అనే సముద్రపు పాయలో హద్దు ఎక్కడుందో ఇప్పటికీ తేలలేదు. నూరేళ్లు దాటినా రెండు ప్రభుత్వాలూ ఒక మాట మీదికి రాలేదు. అక్కడ చేపల వేట వ్యవహారాలను ఇద్దరూ కలిసి పెట్టుకున్న సంస్థ చూసుకుంటోంది. హద్దు తేలకపోయినా పని నడుస్తోంది.

6. కస్టమ్స్ పోయింది, ఆ తర్వాతే కావలి బురుజులూ పోయాయి

ఈ సరిహద్దులో కస్టమ్స్ తనిఖీలు 1923 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. వెన్న, పశువుల దొంగ రవాణా ఆ ప్రాంతపు జ్ఞాపకాల్లో భాగమైపోయింది. బ్రిటన్, ఐర్లాండ్ రెండూ 1973లో ఒకే రోజున ఐరోపా కూటమిలో చేరాయి. 1993 జనవరి 1న అక్కడ సింగిల్ మార్కెట్ వచ్చి కస్టమ్స్ గదులకు తాళాలు పడ్డాయి. మన దగ్గర జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల మధ్య వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసినట్టే అనుకోండి.

అయినా బ్రిటిష్ సైనికులు కదల్లేదు. బ్రిటన్‌లోనే ఉండాలనే వర్గానికీ, ఐర్లాండ్‌లో కలవాలనే వర్గానికీ మధ్య 1960ల చివర్లో ఉత్తర ఐర్లాండ్‌లో మొదలైన హింసలో దాదాపు 3,500 మంది ప్రాణాలు పోయాయి. సైన్యం చాలా పల్లె దారులను గోతులు తవ్వీ, కాంక్రీటు దిమ్మెలు పెట్టీ మూసేసింది. దక్షిణ ఆర్మా కొండల మీద కావలి బురుజులు లేచాయి. ఆ హింసకు తెర దించేందుకు 1998 ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదిరింది. ప్రజాభిప్రాయ సేకరణలో ఉత్తరాన 71 శాతం, దక్షిణాన 94 శాతం మంది దాన్ని ఆమోదించారు. దారులు తెరుచుకున్నాయి, బురుజులు నేలమట్టమయ్యాయి. 38 ఏళ్లు సాగిన సైనిక చర్య 2007 జులై 31న ముగిసింది. ఈ సరిహద్దులో కొత్తగా ఒక కెమెరా స్తంభం పాతుతామన్నా అక్కడి జనం ఎందుకు ఉలిక్కిపడతారో ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

7. ఉండిపోదామన్నవాళ్లే ఎక్కువ

బ్రిటన్ మొత్తం మీద 51.9 శాతం మంది బయటికి పోదామన్నారు. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం 55.8 శాతం మంది ఐరోపా సమాఖ్యలోనే ఉందామన్నారు. అయినా దేశమంతటికీ లెక్క ఒక్కటే కాబట్టి వాళ్లూ బయటికి రావలసి వచ్చింది. అయితే గుడ్‌ఫ్రైడే ఒప్పందం వాళ్లకొక హక్కు ఇచ్చింది. అక్కడ పుట్టినవారు బ్రిటిష్ పౌరులుగా ఉండవచ్చు, ఐరిష్ పౌరులుగా ఉండవచ్చు, రెండుగానూ ఉండవచ్చు. ఐరిష్ పాస్‌పోర్టు తీసుకున్నవారు, తామున్న నేల సమాఖ్యను వదిలేసినా, ఐరోపా పౌరులుగానే మిగిలారు.

8. మూడు మాటలిచ్చారు, రెండే నిలబెట్టుకోగలరు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బ్రిటన్ ప్రభుత్వం ఒకేసారి మూడు మాటలిచ్చింది. ఐరోపా సింగిల్ మార్కెట్ నుంచీ, ఉమ్మడి సుంకాల కూటమి నుంచీ బయటికొస్తామంది. ఐర్లాండ్ నేల మీద తనిఖీలు రానివ్వమంది. ఉత్తర ఐర్లాండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రంలోనూ తేడా చూపబోమంది. వీటిలో ఏ రెండింటినైనా నిలబెట్టుకోవచ్చు. మూడూ కలిసి సాధ్యం కావు. సుంకాలూ ప్రమాణాలూ వేరైన రెండు మార్కెట్ల మధ్య ఎక్కడో ఒకచోట సరుకును చూడక తప్పదు. నాలుగేళ్ల చర్చలన్నీ ఆ 'ఎక్కడో ఒకచోట' ఏదన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

9. యంత్రాలు తీర్చలేని చిక్కు

కెమెరాలు, కంప్యూటర్లు పెడితే సరిపోతుంది కదా అని చాలామంది వాదించారు. అందరూ ఉదాహరణగా చూపింది నార్వే, స్వీడన్ సరిహద్దును. నార్వే సింగిల్ మార్కెట్‌లో ఉంది, సుంకాల కూటమిలో లేదు. రెండు దేశాల కస్టమ్స్ శాఖలూ 1959 నుంచే చేయి కలిపి పనిచేస్తున్నాయి. అంత సయోధ్య ఉన్నా స్వీనెసుండ్ దగ్గర సరుకు లారీలు ఆగి కాగితాలు చూపించే ముందుకు కదులుతాయి. రెండు దేశాల మధ్య సరుకు విషయంలో తనిఖీలను పూర్తిగా మాయం చేసిన యంత్రాన్ని చర్చల బల్ల మీద ఎవరూ చూపించలేకపోయారు.

10. చర్చల బల్ల దగ్గరికి ఒక ఫోన్ కాల్

2017 డిసెంబరు 4న ప్రధాని థెరిసా మే బ్రస్సెల్స్‌లో ఒప్పందానికి సిద్ధమయ్యారు. అప్పటికి ఆమె ప్రభుత్వం ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన డీయూపీ పార్టీ పదిమంది ఎంపీల మద్దతు మీద నిలబడి ఉంది. ఆ పార్టీ నాయకురాలు ఆర్లీన్ ఫోస్టర్ ఫోన్‌లో ససేమిరా అన్నారు. ఆ రోజు ఒప్పందం ఆగిపోయింది. వాక్యాలు మార్చి మార్చి రాసి, డిసెంబరు 8 తెల్లవారుజామున గానీ ఒక కొలిక్కి తేలేకపోయారు.

దాన్నుంచి పుట్టిందే 'బ్యాక్‌స్టాప్'. మరో మార్గం దొరికేదాకా బ్రిటన్ మొత్తం ఐరోపా సుంకాల పద్ధతిలోనే ఉండాలన్నది దాని సారం. 2019 జనవరి 15న దాన్ని చేర్చిన ఒప్పందం బ్రిటిష్ పార్లమెంటు ముందుకొచ్చి, అనుకూలంగా 202, వ్యతిరేకంగా 432 ఓట్లు పడి ఓడింది. ఒక ప్రభుత్వం 230 ఓట్ల తేడాతో ఓడటం ఆధునిక బ్రిటన్ చరిత్రలోనే రికార్డు. మరో రెండుసార్లు పెట్టినా నెగ్గలేదు. మే నెల 24న ఆమె రాజీనామా ప్రకటించారు.

11. అవతలి వైపు కూర్చున్నాయనకు ఈ నేల కొత్త కాదు

ఐరోపా సమాఖ్య తరఫున చర్చలు నడిపిన మిషెల్ బార్నియే ఫ్రాన్స్ దేశస్థుడు. 1999 నుంచి 2004 దాకా ఆయన ఐరోపా ప్రాంతీయాభివృద్ధి కమిషనర్. ఉత్తర ఐర్లాండ్‌లోనూ, సరిహద్దు కౌంటీల్లోనూ శాంతి పనులకు సమాఖ్య డబ్బిచ్చే 'పీస్' కార్యక్రమం అప్పట్లో ఆయన చేతుల మీదుగానే నడిచింది. అదే కార్యక్రమపు నిధులతో డెర్రీలో ఫోయిల్ నది మీద 2011లో కాలినడక వంతెన వెలిసింది. వేర్వేరు వర్గాలు నివసించే రెండు ఒడ్డులనూ కలిపిన ఆ వంతెన పేరు శాంతి వంతెన.

12. గీత నేల మీద నుంచి సముద్రంలోకి జరిగింది

2019 అక్టోబరు 10న కొత్త ప్రధాని బోరిస్ జాన్సన్, ఐర్లాండ్ ప్రధాని లియో వరాద్కర్ ఇంగ్లండ్‌లోని థోర్న్‌టన్ మేనర్ అనే భవనంలో మాట్లాడుకున్నారు. సరిగ్గా వారానికి, 17న, ఒప్పందం కుదిరింది. చట్టం ప్రకారం ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ సుంకాల పరిధిలోనే ఉంటుంది. సరుకుల విషయంలో మాత్రం ఐరోపా నిబంధనలు పాటిస్తుంది. అంటే బ్రిటన్ నుంచి వచ్చే సరుకును లార్న్, బెల్‌ఫాస్ట్ వంటి రేవుల్లోనే చూస్తారు. నేల మీద గీత మునుపటిలాగే ఖాళీగా ఉంటుంది. ఉత్తర ఐర్లాండ్ వ్యాపారి తన సరుకును బ్రిటన్‌కూ, ఐరోపాకూ రెండింటికీ అడ్డంకి లేకుండా అమ్ముకోగలడు. మిగతా బ్రిటన్‌లో ఏ వ్యాపారికీ ఈ వెసులుబాటు లేదు.

యూనియనిస్టులకు మాత్రం ఇది తీరని గాయమైంది. తాము బ్రిటన్‌లో విడదీయరాని భాగమని నమ్మి బతికిన వాళ్లకు, సొంత దేశం నుంచి వచ్చే సరుకుకు తనిఖీ అంటే తమను వేరు చేసినట్టే అనిపించింది. ఆ బాధను చిన్నచూపు చూస్తే ఈ కథ సగమే అర్థమవుతుంది.

13. పూలకుండీలో మట్టికీ ఆంక్షలే

2021 జనవరి 1న కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మట్టి అంటుకున్న మొక్కలు ఇంగ్లండ్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌కు రావడం కష్టమైంది. స్కాట్లండ్ రైతుల విత్తన బంగాళాదుంపలు ఆగిపోయాయి. శీతలీకరించిన మాంసపు సాసేజ్‌ల మీద రేగిన గొడవకు పత్రికలు 'సాసేజ్ యుద్ధం' అని పేరు పెట్టాయి. మొక్కల రోగాలూ పశువుల రోగాలూ మట్టితో, మాంసంతో పాకుతాయి కాబట్టి ఏ దేశమైనా వాటి మీదే ముందుగా కన్నేస్తుంది. అదే ఏడాది జనవరి 29న కోవిడ్ టీకాల వివాదంలో ఐరోపా కమిషన్ ఈ ఒప్పందంలోని అత్యవసర నిబంధనను వాడబోయింది. అన్ని వైపుల నుంచీ నిరసన వచ్చేసరికి కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది.

14. పచ్చ వరుస, ఎర్ర వరుస

2023 ఫిబ్రవరి 27న విండ్సర్‌లో ప్రధాని రిషి సునాక్, ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ కొత్త ఏర్పాటు ప్రకటించారు. ఉత్తర ఐర్లాండ్‌లోనే అమ్ముడయ్యే సరుకు పచ్చ వరుసలో, తక్కువ కాగితాలతో వెళ్లిపోతుంది. ఐరోపాలోకి దాటే అవకాశమున్న సరుకు ఎర్ర వరుసలో పూర్తి తనిఖీకి నిలబడుతుంది. పాలు, మాంసం వంటి వాటి పొట్లాల మీద 'ఐరోపా సమాఖ్యకు కాదు' అని అచ్చువేయాలి. ఉత్తర ఐర్లాండ్ అసెంబ్లీలో కనీసం రెండు పార్టీలకు చెందిన 30 మంది సభ్యులు కోరితే, మారిన ఐరోపా నిబంధనకు అడ్డు చెప్పే వీలూ కల్పించారు.

ఇక్కడ మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. థోర్న్‌టన్ మేనర్‌లో కూర్చున్న వరాద్కర్ తండ్రి మహారాష్ట్ర నుంచి వెళ్లిన డాక్టరు. విండ్సర్‌లో కూర్చున్న సునాక్ తాతముత్తాతలు పంజాబీలు.

15. పాలకూ, కరెంటుకూ, రోగికీ హద్దు లేదు

ఉత్తరాన పితికిన పాలలో సుమారు మూడో వంతు దక్షిణాన ఉన్న డెయిరీలకు పోతాయి. 2007 నుంచి ద్వీపమంతటికీ కరెంటు మార్కెట్ ఒక్కటే. రేడియేషన్ చికిత్స కోసం డొనెగల్ క్యాన్సర్ రోగులు డెర్రీలోని ఆసుపత్రికి వెళ్తారు. గుండె ఆపరేషన్ కావలసిన ఉత్తర ఐర్లాండ్ పిల్లలు డబ్లిన్‌కు వెళ్తారు. రగ్బీలో ద్వీపమంతటికీ జట్టు ఒక్కటే. అధికారులు ఈ ఉత్తర దక్షిణ సహకారాన్ని జాబితా రాయబోతే వంద దాటిన అంశాలు తేలాయి.

16. రెండేళ్ల తాళం, నాలుగేళ్లకోసారి ఓటు

సముద్రపు గీతకు నిరసనగా 2022 ఫిబ్రవరి 3న డీయూపీకి చెందిన ప్రథమ మంత్రి పాల్ గివన్ తప్పుకున్నారు. ఉత్తర ఐర్లాండ్ అసెంబ్లీ ఉన్న స్టార్మంట్‌లో పాలన స్తంభించింది. సరిగ్గా రెండేళ్లకు, 2024 ఫిబ్రవరి 3న, మళ్లీ మొదలైంది. ఒప్పందం ప్రకారం ఈ సరుకుల ఏర్పాటు కొనసాగాలా వద్దా అన్నది అసెంబ్లీయే ఓటు వేసి తేల్చాలి. 2024 డిసెంబరు 10న తొలిసారి ఓటింగ్ జరిగింది. 48 మంది కొనసాగాలన్నారు, 36 మంది వద్దన్నారు. రెండు వర్గాల మద్దతూ దొరికి ఉంటే ఎనిమిదేళ్ల గడువు వచ్చేది. యూనియనిస్టులు వ్యతిరేకంగా ఓటేశారు కాబట్టి నాలుగేళ్లే దక్కింది.

17. కిలోమీటరు పైచిలుకు కంచె

బ్రిటన్ పోతూ పోతూ రాసుకున్న ఒప్పందంలో మరో రెండు చోట్ల గురించీ ప్రత్యేక అధ్యాయాలున్నాయి. ఒకటి సైప్రస్‌లోని బ్రిటిష్ సైనిక స్థావరాలు, రెండోది జిబ్రాల్టర్. జిబ్రాల్టర్‌కూ స్పెయిన్‌కూ మధ్య హద్దు 1.2 కిలోమీటర్లు. 1969లో స్పెయిన్ నియంత ఫ్రాంకో ఆ గేటు మూయించాడు. 1982లో కాలినడకకూ, 1985లో పూర్తిగానూ తెరిచారు. రోజూ దాదాపు 15,000 మంది పనికోసం దాన్ని దాటుతారు. 2016లో అక్కడ 96 శాతం మంది ఐరోపాలో ఉందామన్నారంటే కారణం వేరే చెప్పనక్కర్లేదు. 2025 జూన్ 11న ఆ కంచె తీసేసి, తనిఖీలను విమానాశ్రయానికీ రేవుకూ మార్చాలని బ్రిటన్, ఐరోపా సమాఖ్య రాజకీయంగా అంగీకరించాయి.

18. బ్రిటన్ కన్నా ముందే బయటికొచ్చింది గ్రీన్‌లాండ్

డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌లాండ్ 1982లో ఓటు వేసి, 1985 ఫిబ్రవరి 1న ఐరోపా కూటమిని వదిలింది. అక్కడి పేచీ చేపల గురించి. తన సముద్రంలో ఐరోపా పడవలకు వేట హక్కులిచ్చి, తన చేపలను సుంకం లేకుండా అమ్ముకునేలా రాజీ కుదుర్చుకుంది. యాభై వేల పైచిలుకు జనం, నేల మీద ఐరోపాతో హద్దు లేని ద్వీపం, ప్రధానంగా తేల్చవలసింది ఒక్క సరుకు. దానికే మూడేళ్లు పట్టింది.

19. ఇది మనవాళ్లకూ సంబంధించిన గీత

డబ్లిన్, కార్క్, గాల్వే నగరాల్లో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. బ్రిటన్, ఐర్లాండ్ పౌరులు ఒకరి దేశంలోకి మరొకరు స్వేచ్ఛగా వెళ్లే ఏర్పాటు 1920ల నుంచీ ఉంది. బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడటం, దాన్ని తాకలేదు. ఆ హక్కు ఆ రెండు దేశాల పౌరులకే. భారత పాస్‌పోర్టుతో ఐర్లాండ్‌లో ఉంటున్నవారు బెల్‌ఫాస్ట్ వెళ్లాలంటే బ్రిటన్ వీసా ఉండాలి. బ్రిటన్‌లో ఉంటున్నవారు డబ్లిన్ వెళ్లాలన్నా ఐర్లాండ్ అనుమతి కావాలి. భారతీయ సందర్శకుల కోసం 2015లో ఒకే వీసాతో రెండు చోట్లా తిరిగే సౌకర్యం వచ్చింది. అయితే అది ఆ సౌకర్యం ఉన్నట్టు గుర్తు వేసిన స్వల్పకాల వీసాలకే చెల్లుతుంది, విద్యార్థి అనుమతికి చెల్లదు.

దారిలో గేటు లేదు కదా అని వారాంతంలో స్నేహితులతో బస్సెక్కే కుర్రాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. బస్సుల్లో, రైళ్లలో అప్పుడప్పుడూ అధికారులు కాగితాలు అడుగుతుంటారు. పట్టుబడితే చదువుకూ, తర్వాతి వీసాకూ ముప్పు. మీ పిల్లలో, బంధువుల పిల్లలో అక్కడుంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఆ సరిహద్దు కనబడకుండా ఉండటానికి మూడున్నర వేల ప్రాణాలు పోయాక కుదిరిన శాంతి కారణం. కనబడకపోయినా అది ఉంది. దాన్ని దాటేముందు వీసా చూసుకోమనండి.